దివిసీమ నుంచి చూసిన ఇంటర్నెట్ పుట్టుక



బందరు నుంచి అవనిగడ్డ దాకా మా కృష్ణా పల్లపు ప్రాంతంలో పెద్దవాళ్లని వయసెంతని అడగండి. అంకె చెప్పేవాళ్లు తక్కువ. "ఉప్పెన నాటికి నాకు పెళ్లయి రెండేళ్లు", "ఉప్పెన తర్వాత ఏడాదికి మా పెద్దోడు పుట్టాడు" అంటారు. ఏ ఉప్పెన అని మళ్లీ అడగక్కర్లేదు. 1977 నవంబరు 19, శనివారం. ఇవాళ నేను మాట్లాడబోయేది ఇంటర్నెట్ గురించి. దాని వయసు లెక్కకట్టడానికి కూడా నాకు ఆ వారమే ఆనవాలుగా దొరికింది. అదెలాగో చెబుతాను.

ఇంటర్నెట్ ఎప్పుడు పుట్టిందంటే పుస్తకాలన్నీ ఒక్క మాట మీద లేవు. ఎక్కువమంది చెప్పేది 1969 అక్టోబరు 29. ఆ రాత్రి లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లీ క్లైన్ అనే విద్యార్థి ఒక కంప్యూటర్ ముందు కూర్చుని, వందల మైళ్ల అవతల స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఉన్న ఇంకో కంప్యూటర్‌కి 'లాగిన్' అనే మాట పంపబోయాడు. 'ఎల్' వెళ్లింది, 'ఓ' వెళ్లింది, అంతలో అవతలి యంత్రం మొరాయించింది. ఆర్పానెట్ అనే ఆ నెట్‌వర్కు మీద వెళ్లిన మొదటి సందేశం ఆ రెండక్షరాలే. శుభమా అని మొదలుపెడితే లైను పోవడం మన నెట్ సెంటర్లలో పుట్టిన జబ్బు కాదు, వంశంలోనే ఉందన్నమాట.

కొందరు 1983 జనవరి 1 అంటారు. ఆర్పానెట్‌లోని యంత్రాలన్నీ పాత పద్ధతి వదిలేసి టీసీపీ-ఐపీ అనే నియమావళికి మారిన రోజు అది. ఇవాళ మీ చేతిలో ఉన్న ఫోను పాటిస్తున్నదీ ఆ నియమావళినే. ఆ వారం మా గుడివాడలో కంప్యూటర్ మాట ఎవరికి పట్టింది గనక! జనవరి 5న పోలింగు. పక్కనున్న నిమ్మకూరు మనిషి ఎన్టీ రామారావు గుడివాడలో నిలబడ్డారు. గుడివాడలోనూ తిరుపతిలోనూ గెలిచి, 9వ తేదీన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. మా ఊరికి సంబంధించినంతవరకూ ఆ జనవరిలో పుట్టింది ఆ ప్రభుత్వమొక్కటే.

ఇంకొందరు టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ని తయారుచేసిన కాలాన్ని, అంటే 1990 ప్రాంతాన్ని చెబుతారు. అది ఇంటర్నెట్ మీద నడిచే ఒక సదుపాయమే తప్ప ఇంటర్నెట్ కాదు. మనదేశం లెక్కన 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది, అదే అసలు తేదీ అనేవాళ్లూ ఉన్నారు. అప్పట్లో బొమ్మలు కనబడే కనెక్షన్ కావాలంటే 15,000 రూపాయలు. విద్యార్థులకి మాత్రం 500కే ఇచ్చారు. అందులో అక్షరాలు తప్ప బొమ్మలు రావు.

ఈ తేదీలన్నీ ఒప్పుకుంటాను గానీ నా ఓటు వేరే తేదీకి. 1977 నవంబరు 22, మంగళవారం. ఉప్పెన వచ్చి వెళ్లిన మూడో రోజు.

ముందు ఉప్పెన సంగతి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య సముద్రం దాకా ఉన్న గడ్డే దివిసీమ. మిట్టలూ గుట్టలూ ఏమీ లేవు. ఎత్తయిన చోటంటే కాలవ గట్టు, నది కరకట్ట, గుడి, బడి డాబా. ఆ శనివారం సాయంత్రం తాడెత్తున లేచిన నీరు దీని మీదుగా పోయింది. పాలకాయతిప్ప, సొర్లగొంది, నాలి లాంటి సముద్రపొడ్డు ఊళ్లలో గడపకి ఒక్కరు మిగలని ఇళ్లున్నాయి. చనిపోయినవాళ్లు పదివేల పైచిలుకని సర్కారు లెక్క. దివిసీమలో ఆ లెక్కని నమ్మేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

నేను ఆగి చూసేది నీరు తీసిన తర్వాతి రోజుల్ని. తుపాను హెచ్చరికలు లేకపోలేదు, వాతావరణ శాఖ చెబుతూనే ఉంది. కానీ చివరి ఊరి చివరి గుడిసెకి, గుండె అదిరేట్టు, "ఇది మీకే, లేవండి" అని చెప్పే సాధనం లేదు. నీరు వచ్చాక అక్కడి మాట బయటికి చేరే దారీ లేదు. స్తంభాలు ఒరిగాయి, తీగలు తెగాయి, రోడ్ల మీద చెట్లు అడ్డం పడ్డాయి. కబురు ఎంత వేగంగా వచ్చిందంటే, ఒళ్లు చచ్చిన మనిషి బురదలో ఎంత నడవగలడో అంత వేగంగా. ఎంతమంది పోయారో బయటి ప్రపంచానికి అర్థం కావడానికి రోజులు పట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, భూగోళానికి అటువైపున కాలిఫోర్నియాలో ఒక వ్యాను రోడ్డు మీద పోతోంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ వాళ్లది. చూడ్డానికి ఇంటింటికీ రొట్టెలు వేసే బండిలా ఉంటుంది. లోపల ఒక రేడియో, ఒక కంప్యూటర్. ఆ వ్యాను నుంచి లాస్ ఏంజిలిస్‌లోని ఒక కంప్యూటర్‌కి సందేశం పంపారు. రెండిటికీ మధ్య నేరుగా 400 మైళ్లుంటుంది. కానీ ఆ సందేశాన్ని కావాలని చుట్టూ తిప్పారు. వ్యాను నుంచి రేడియో నెట్‌వర్కు, అక్కడినుంచి ఆర్పానెట్ మీదుగా అమెరికా దాటి నార్వే, లండన్, లండన్ నుంచి అట్లాంటిక్ పైనున్న ఉపగ్రహం, మళ్లీ ఆర్పానెట్, చివరికి లాస్ ఏంజిలిస్. ఉపగ్రహం ఎక్కి దిగడం కలుపుకుంటే రానూపోనూ మొత్తం ప్రయాణం 94,000 మైళ్లని ఆ పనికి ముందున్న వింట్ సెర్ఫ్ తర్వాత లెక్క చెప్పారు. దారిలో ఒక్క బిట్టు కూడా పోలేదు.

ఇందులో గొప్పేమిటి? 1969లో మాట్లాడుకున్నవి ఒకే నెట్‌వర్కులోని రెండు యంత్రాలు. 1977లో కలిసినవి మూడు వేరువేరు నెట్‌వర్కులు. ఒకటి గాలిలో, ఒకటి తీగ మీద, ఒకటి ఆకాశంలో నడిచేవి. ఒకదాని వేగం ఇంకోదానికి లేదు, ఒకదాని కట్టుబాటు ఇంకోదానికి తెలియదు. డెల్టా వాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మన కాలవల మీద లాకులు చూసినవాళ్లే కదా. పై కాలవలో నీటిమట్టం వేరు, కింద వేరు. పడవ లాకులోకి రాగానే వెనక తలుపు మూసి, నీళ్లు వదిలి, మట్టం సమానం చేసి, ముందు తలుపు తీస్తారు. ధాన్యం బస్తాలు దించి మళ్లీ ఎక్కించే పని లేదు. పడవ అదే, సరుకు అదే, కాలవ మాత్రం మారింది. సెర్ఫ్, బాబ్ కాన్ కలిసి 1974లో రాసిన పత్రంలో చెప్పిన గేట్‌వే చేసేదీ ఆ లాకు పనే. సందేశాన్ని చిన్న చిన్న పొట్లాలుగా విడగొట్టి, ఒక్కో పొట్లం మీద ఎక్కడికి చేరాలో చిరునామా రాసి వదులుతారు. ఒక కాలవ పూడిపోతే ఇంకో కాలవన వెళతాయి. అవతలి ఒడ్డున వరస ప్రకారం మళ్లీ కలుస్తాయి. వేరువేరు నెట్‌వర్కులు ఇలా కలిసిన రోజునే ఇంటర్నెట్ పుట్టిందనడం న్యాయమని నా వాదన. నేనొక్కణ్ణే కాదు, ఆ రంగంలోని పెద్దలు కూడా కొందరు ఈ తేదీనే చెబుతారు.

ఉప్పెనకీ ఆ వ్యానుకీ సంబంధం ఉందని నేననను. కాలెండరులో పక్కపక్కన పడ్డాయి, అంతే. ఆ వ్యానుకి డబ్బు పెట్టింది అమెరికా రక్షణ శాఖ. యుద్ధభూమిలో కదిలే బండ్ల నుంచి మాట్లాడుకోవడం వాళ్ల అవసరం. సొర్లగొంది పేరు వాళ్లు విని ఉండరు. కానీ తీగ తెగినా మాట తెగకూడదన్న ఆలోచన, తీగ తెగి మాట తెగిపోయిన చోటు, రెండూ ఒకే వారంలో ఉన్నాయని తెలిశాక ఆ తేదీని నేను వదిలిపెట్టలేకపోయాను.

ఆ తర్వాత మన తీరానికి వచ్చిన మొదటి సాధనాన్ని ఇంటర్నెట్ అని ఎవరూ అనరు. నేను మాత్రం దాన్ని చుట్టాల జాబితాలో వేస్తాను. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహం పైకెళ్లింది. దాని ఆధారంగా 1980ల నడుమ మన కోస్తాలోనూ, తమిళనాడు ఉత్తర తీరంలోనూ తుపాను హెచ్చరిక పెట్టెలు అమర్చారు. మద్రాసులోని తుపాను కేంద్రం నుంచి సంకేతం వస్తే ఆ పెట్టె సైరన్ మోగించేది, తర్వాత తెలుగులో హెచ్చరిక చదివేది. ఇందులో నాకు నచ్చిన సంగతి చిరునామా. అన్ని పెట్టెలూ ఒకేసారి మోగేవి కావు. ఏ జిల్లాలకి ముప్పు ఉందో వాటికి మాత్రమే కోడ్ పంపేవారు, అవే లేచేవి. తిరిగి మాట్లాడే నోరు లేదు గానీ, ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్పే తెలివి ఉండేది.

1990 మే 9న మళ్లీ అంత పెద్ద తుపానే వచ్చింది. కృష్ణ సముద్రంలో కలిసే చోటే తీరం దాటింది. లోకం దాన్ని మా బందరు అసలు పేరుతో మచిలీపట్నం తుపాను అంది. ఈసారి లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. అయినా 967 మంది పోయారు. చిన్న సంఖ్య కాదది. అయితే 1977 సంఖ్య పక్కన పెట్టి చూడండి.

ఇంచుమించు ఆ రోజుల్లోనే బందరు కలెక్టరేటు కూడా నెట్‌వర్కులోకి వచ్చింది. ఎన్. శేషగిరి సారథ్యంలో జాతీయ సమాచార కేంద్రం, అంటే ఎన్ఐసీ, 1980ల చివరికల్లా జిల్లా కేంద్రాలని చిన్న చిన్న డిష్షులతో ఉపగ్రహం ద్వారా ఢిల్లీకి కలిపే పని చేపట్టింది. దాని పేరు నిక్‌నెట్. ఐఐటీల లాంటి చదువుల సంస్థల కోసం ఎర్నెట్ అని ఇంకొకటి 1986లో మొదలైంది. బందరు జిల్లా కేంద్రం కాబట్టి, మామూలు జనానికి ఇంటర్నెట్ అన్న మాట కూడా చేరకముందే ఆ ఊరి అంకెలు ఉపగ్రహం ఎక్కాయి. ఆ రోజుల్లో కంప్యూటర్ గదంటే చల్లని గాలి, అద్దాల తలుపు, బయట విప్పిన చెప్పులు. గుళ్లోకి వెళ్లినంత భక్తిగా వెళ్లేవాళ్లు.

జనానికి మాత్రం ఇంటర్నెట్ అలా రాలేదు. పసుపుపచ్చ బోర్డుతో వచ్చింది.

మా బాబాయికి గుడివాడలో ఎస్టీడీ బూతు ఉండేది. డిగ్రీ చదివే రోజుల్లో సాయంత్రాలు కౌంటరు దగ్గర కూర్చునేవాణ్ణి. గాజు కేబిను, ఎర్ర అంకెల మీటరు, చిన్న ప్రింటరులోంచి నాలుకలా వచ్చే బిల్లు. రాత్రి పదకొండు దాటితే పావు రేటు, అప్పుడు చూడాలి రద్దీ. అమెరికాకి ఐఎస్‌డీ నిమిషానికి అరవై రూపాయల పైనే. కొడుకుతో మాట్లాడుతూ తల్లి కళ్లు మీటరు మీదే ఉండేవి. క్షేమం అడిగేలోపు వంద దాటేది.

అప్పటికి వై2కే పుణ్యమా అని అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకున్న మా ప్రాంతం కుర్రాళ్లు జట్లు జట్లుగా విమానం ఎక్కారు. 1998 నవంబరులో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకి కూడా ఇంటర్నెట్ వ్యాపారం తెరిచింది. బాబాయి గంటల ప్యాకెట్ ఒకటి కొని, ఒక కంప్యూటరు, ఒక మోడెం పెట్టి బోర్డు మీద 'ఇంటర్నెట్' అన్న మాట అదనంగా రాయించాడు. 172తో మొదలయ్యే నంబరు తిప్పడం, మోడెం కీచుమని అరిచి గురగురలాడి ఊరుకోవడం, "కలిసిందిరా!" అని బాబాయి కేకెయ్యడం. చినుకు పడితే లైను పోయేది. ఎవరైనా ఫోను చేస్తే పోయేది. ఏమీ లేకపోయినా పోయేది.

ఆ కంప్యూటరు మీద మొదట్లో జరిగిన పని బ్రౌజింగు కాదు, పోస్టాఫీసు పని. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో కొడుకు మా బూతు ఐడీకి మెయిలు పంపేవాడు. పైన ఎవరికి ఇవ్వాలో రాసేవాడు. నేను ప్రింటు తీసి మడిచి పెట్టేవాణ్ణి. వారానికోసారి ఆ తల్లో తండ్రో వచ్చి తీసుకునేవాళ్లు. ఆ ఉత్తరాలు తెలుగే గానీ అక్షరాలు ఇంగ్లీషువి. తండ్రులు ఎలాగో కూడబలుక్కునేవాళ్లు, తల్లులకి నేను చదివి వినిపించాల్సి వచ్చేది. "కాస్త నిదానంగా చదువు నాయనా, మావాడు అంత గబగబా మాట్లాడడు" అనేదొక పెద్దావిడ. జవాబు ఆవిడ చెబుతుంటే నేను కొట్టేవాణ్ణి. కోడలికి నెల తప్పిందన్న కబురు ఆ ఇంట్లోవాళ్ల కంటే ముందు నాకే తెలిసింది. రహస్యాల గురించి ఇవాళ పెద్ద పెద్ద చర్చలు చేస్తారు. ఆనాటి గుడివాడలో సగం అమెరికా ఉత్తరాలు బూతు కుర్రాళ్లు చదివినవే.

తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం మా బూతులో పుట్టిన తెలివి కాదు. 1990ల తొలినాళ్లలోనే అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ దానికి ఒక పద్ధతి కట్టారు. ఏ తెలుగు అక్షరానికి ఏ ఇంగ్లీషు అక్షరం, దీర్ఘానికి ఏమిటి, ళకారానికి ఏమిటి, అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని ఆర్‌టీఎస్ అంటారు. అందులో కొడితే కంప్యూటరు తెలుగు లిపిలోకి మార్చి అచ్చు వేసేది. 1998లో విదేశాల్లోని తెలుగువాళ్లు 'ఈమాట' అనే సాహిత్య పత్రికని నెట్‌లోనే మొదలుపెట్టారు. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా, అది మన తెరల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. ఈలోగా ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు. ఆ ఫాంటు దించుకోకపోతే తెర నిండా పిచ్చి గీతలే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వచ్చింది. ఈ పనులు చేసినవాళ్లలో చాలామంది ఉద్యోగాలయ్యాక రాత్రిళ్లు మేలుకుని చేసినవాళ్లు. వాళ్ల గురించి వేరే ప్రసంగమే చెయ్యాలి.

తర్వాత మా బూతు నెట్ సెంటరయింది. ప్లైవుడ్ అరలు, యాహూ మెసెంజరు, హెడ్‌ఫోన్లు. ఎంసెట్ ఫలితాల రోజు హాల్‌టికెట్ చీటీలు పట్టుకుని రోడ్డు మీద దాకా జనం. ఆ రోజే అందరికీ నెట్ కావాలి కాబట్టి ఆ రోజే పేజీ తెరుచుకునేది కాదు. వెబ్‌క్యామ్ వచ్చిన కొత్తలో ఒక మామ్మగారు కొప్పు సవరించుకుని, బొట్టు దిద్దుకుని, తెర మీద మనవడు కనబడగానే చేతిలోని అరిసెల డబ్బా మూత తీసి కెమెరాకి చూపించింది. అలాంటి రోజుల్లో బాబాయి గంట లెక్క కట్టేవాడు కాదు. మిగతా రోజుల్లో నిమిషం వదిలేవాడు కాదు.

దివిసీమకి ఇవన్నీ ఆలస్యంగానే చేరాయి. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ ప్రకటించింది గానీ, కాలవ చివరి భూములకి నీరు ఎప్పుడు అందుతుందో ఇది అందేదీ అప్పుడే. దానికి ముందటేడు, 2004లో, మచిలీపట్నంలో డాప్లర్ రాడార్ పెట్టారు. తుపాను సముద్రంలో ఉండగానే దాని కన్ను ఎక్కడుందో, వాన పట్టీలు ఎటు తిరుగుతున్నాయో కనిపెడుతుంది. ఆ బొమ్మలు ఇప్పుడు ఎవరి ఫోనులోనైనా చూసుకోవచ్చు. ఆ ఏడాదే డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు మంగినపూడి తీరంలోనూ ప్రాణాలు పోయాయి. రాడార్ గాలివానని చూస్తుంది, సముద్రం అడుగున భూమి కదిలితే దానికేం తెలుస్తుంది? ఆ లోటు 2007లో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టాక తీరింది. చేపలు ఎక్కడ దొరికే వీలుందో చెప్పే సూచనలు కూడా ఆ సంస్థే పంపుతుంది. గిలకలదిండిలో బోటు కట్టు విప్పేముందు ఫోను చూసుకోవడం ఇప్పుడు మామూలు.

నాగాయలంక దగ్గర చెరువులున్న ఒక రైతుకి నా 1977 వాదన చెప్పాను. నాకంటే పెద్దవాడు, ఉప్పెన చూసినవాడు. ఓపిగ్గా విన్నాడు. "అవన్నీ మీ చదువుకున్నోళ్ల లెక్కలండీ. మాకు ఇంటర్నెట్టు పుట్టింది జియో వచ్చినప్పుడు" అన్నాడు. అంటే 2016 సెప్టెంబరు. అంతకుముందు చెరువు గట్టు మీదికి కొనుగోలుదారు మనిషి వచ్చి వంద కౌంటు రొయ్య ఇంత, యాభై కౌంటు ఇంత అంటే, అదే ధర. ఇప్పుడు వాడు మోటారు సైకిలు స్టాండు వేసేలోపే భీమవరం ధర ఫోనులో ఉంటుంది. "వాడు ధర చెప్పాక నేను నవ్విన రోజుంది చూశారూ, అది రాసుకోండి" అన్నాడు. నేను గట్టిగా ఎదురు చెప్పలేకపోయాను. ఉప్పెన నాటి చీకటిని చూసిన మనిషి 1977ని కాదంటే నేనెవర్ని? అయినా నా ఓటు మార్చుకోలేదు.

ఒక్క మనవి ఉంది. 2013 జులైలో టెలిగ్రాం సేవ ఆగిపోయినప్పుడు ఫొటోలు తీశారు, కబుర్లు రాశారు. ఎస్టీడీ బూతులు, డయలప్ లైన్లు మూతపడ్డప్పుడు ఎవరూ తలెత్తి చూడలేదు. అప్పట్లో ఎక్స్ఛేంజీల్లో, కలెక్టరేటు కంప్యూటర్ గదుల్లో, తుపాను హెచ్చరిక పెట్టెల నిర్వహణలో పనిచేసినవాళ్లు ఇప్పుడు రిటైరై బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో మన మధ్యే ఉన్నారు. ఊరికి నెట్ ఎప్పుడొచ్చిందన్న తేదీ గెజిట్‌లో దొరకదు, మోడెం కొన్న రసీదు మీద ఉంటుంది. మీ అటక మీద అలాంటి బిల్లు పుస్తకం, మెయిలు ప్రింటు, లాగ్‌బుక్కు ఏదైనా ఉంటే పాత పేపర్లవాడికి తూకానికి వెయ్యకండి. మీ దగ్గర్లోని గ్రంథాలయంలో ఇవ్వండి. ఇచ్చేముందు తేదీ చూడండి. 1998 కంటే ముందుదైతే మా బాబాయి బూతు రెండో స్థానానికి వెళుతుంది. ఆయన ఒప్పుకోడు. అయినా ఇవ్వండి.